ఈల ఆగిన చోట

ఆ వేసవిలో మా ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం. మాటలు మాత్రం ఇద్దరిద్దరి మధ్యే నడిచేవి. అమ్మా నాన్నా పెరట్లో మాట్లాడుకునేవారు. నేనూ నా భార్య శాలోమీ కారులో మాట్లాడుకునేవాళ్ళం.

కారంటే పెద్దదేమీ కాదు. చోడవరం బస్టాండు దగ్గర నాకు జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపుంది. దాని మీద వచ్చినదాంట్లో మిగిల్చి, పదేళ్ళు వాడేసిన చిన్న కారొకటి కొన్నాను. దాని తలుపుల్లో కంపెనీవాళ్ళు పెట్టిన పాత స్పీకర్లే ఉండేవి. డ్రైవరు వైపుది చిరిగిపోయింది. పాటలో కాస్త గట్టి మోత వచ్చిందంటే తలుపంతా జిర్రుమనేది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, మాడుగులలో శాలోమి పుట్టింటివాళ్ళ చర్చికి వెళ్ళి తిరిగొస్తున్నాం. శాలోమి చేయి చాపి పాట ఆపేసింది.

“ఉదయ్, అనకాపల్లి స్కూల్లో చేరతానని చెప్పేసేను. జూన్ నుంచి. మనం కూడా అక్కడే ఇల్లు చూసుకుందాం.”

నేను రోడ్డు వైపే చూస్తూ, “అంత అవసరమా?” అన్నాను.

“మీ నాన్నగారు నన్ను తిట్టినా బాగుండేది. రెండేళ్ళయింది. ఏటడిగినా పలకరు. ‘మావయ్యా, అన్నం పెట్టనా’ అంటే ఊఁ అనరు, ఊహూఁ అనరు. పక్కనుంచి వెళ్ళిపోతారు. ఆ ఇంట్లో నేను ఉన్నట్టా, లేనట్టా?”

మాది ప్రేమ పెళ్ళి. మేం హిందువులం, వాళ్ళు క్రైస్తవులు. రిజిస్టరు పెళ్ళయ్యాక వాళ్ళ చర్చిలో ప్రార్థన పెడితే నాన్న వచ్చాడు, చివరి వరసలో కూర్చున్నాడు, భోంచేసి బస్సెక్కాడు. వద్దని ఒక్క మాట అనలేదు. సరేనని కూడా అనలేదు. ఆ మౌనానికి అర్థం ఏమిటో మేమే రాసుకున్నాం.

“స్పీకర్లు మార్పిస్తాను,” అన్నాను నేను.

శాలోమి నా వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగిపోయింది.

తర్వాతి ఆదివారం ఇంటి ముందు రేకుల షెడ్డులో కారు పెట్టి, ఫోనులో వీడియో చూసుకుంటూ డ్రైవరు వైపు తలుపు అట్ట ఊడదీశాను. హ్యాండిలు వెనకాల రెండు స్క్రూలు, కింద ఒకటి. తర్వాత అంచులు పట్టి లాగితే క్లిప్పులు టపటపా ఊడాయి. ఒకటి విరిగింది కూడా. లోపల జిగురుతో అంటించిన పలచటి ప్లాస్టిక్ కాగితం, దాని వెనక పెద్ద పెద్ద కన్నాలున్న రేకు, రేకుకి బిగించిన నల్లటి స్పీకరు. దాని అయస్కాంతం బిస్కత్తంత ఉంది. ఇన్నాళ్ళూ మేం విన్న పాటలన్నీ ఆ చిరిగిన కాగితం గిన్నెలోంచి వచ్చినవే.

ఆ చప్పుడుకి కాదు గానీ, తలుపు విప్పి ఉండటం చూసి నాన్న వచ్చాడు. మా నాన్న దాసు ముప్పయ్యేళ్ళు బుచ్చయ్యపేట దగ్గర ఒక రైసు మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లు మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నాడు. ఏ యంత్రమైనా విప్పి కనిపిస్తే చాలు, దాని ముందు నిలబడిపోతాడు.

“పాటెట్టు,” అన్నాడు.

పెట్టాను. తలుపు జిర్రుమంది. నాన్న అరచెయ్యి రేకు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, మెల్లగా పైకీ కిందకీ జరిపాడు. ఒక చోట ఆగి బొటనవేలితో నొక్కాడు. జిర్రు సగం పోయింది. ఇంకో చెయ్యి గొళ్ళేనికి వెళ్ళే కడ్డీ మీద పెట్టాడు. మిగతా సగం కూడా పోయింది.

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. స్పీకరు చిరగడం వల్లే ఆ మోతంతా అనుకున్నాను నేను. అందులో చాలాభాగం రేకుదీ కడ్డీదీ అని నాన్న రెండు నిమిషాల్లో తేల్చేశాడు.

“ఎలా తెలిసింది నాన్నా?”

“ఏటీ?” అన్నాడు నా మొహం చూస్తూ. మళ్ళీ అడిగాను.

“మిల్లులో ఇంజను మీద సెయ్యేస్తే ఏ బేరింగు పోతందో తెలిసిపోయేదిరా. సెవికన్నా ముందు సేతికే తెలుస్తాది.”

అప్పుడే శాలోమి మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చింది. మావగారి ఎదుట తల ఎత్తకూడదని వాళ్ళమ్మ నేర్పింది కాబోలు, నాన్నకి వెనకగా నిలబడి తల వంచుకుని, “మావయ్యా, మజ్జిగ,” అంది.

నాన్న తిరగలేదు.

“మావయ్యా, మజ్జిగ తెచ్చేను.”

నాన్న కడ్డీని గోటితో మీటుతూ ఉన్నాడు. శాలోమి గ్లాసు బానెట్ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి నాన్న పక్కకి తిరిగి గ్లాసు చూసి, తీసుకుని తాగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రేకులో వణుకు పట్టుకోగలిగిన మనిషికి, రెండడుగుల దూరంలో నిలబడి పిలుస్తున్న మనిషి అక్కర్లేకపోయిందా అనుకున్నాను. నిజం నా కళ్ళ ముందే ఉంది. నాకు కోపం మాత్రమే వచ్చింది.

అనకాపల్లిలో కారు సామాన్ల షాపు పెట్టుకున్న సాయికిరణ్ నాతో చదువుకున్నవాడు. వాడి దగ్గరికి వెళ్ళి నా దగ్గర ఎంత ఉందో చెప్పాను. వాడు నవ్వాడు.

“కొత్తవి రావురా బాబూ. ఎవరో కారు అమ్మేసినోళ్ళు తీసేయించిన సెట్టొకటుంది, మంచిది. పెద్దవి రెండు తలుపుల్లోకి, చిట్టివి రెండు అద్దాల పక్కన మూలల్లోకి. ఆంప్లిఫైయరూ అవీ ఏటీ వద్దు. కానీ ముందు నీ తలుపుకున్న కన్నాలన్నీ మూసుకో. తలుపే స్పీకరుకి పెట్టె. పెట్టెకి కన్నాలుంటే ఎంత మంచి స్పీకరెట్టినా దండగే.”

కన్నాలు మూయడానికి వాడమన్న షీటు ఖరీదు విని, తెలివిగా, ఇంటి పైకప్పుల కారుడికి వేసే తారు షీటు కొని అంటించాను. మే నెల మొదటి వారం ఎండకి అది కరిగి తలుపు కింది కన్నాల్లోంచి నల్లగా కారింది. కారెక్కితే కొత్తగా వేస్తున్న రోడ్డు మీద కూర్చున్నట్టు వాసన. అమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని వీధంతా వినబడేలా నన్ను తిట్టింది. నాన్న మాత్రం ఆ కారే తారు చూసి పడీ పడీ నవ్వాడు. ఆయన అంతలా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. మర్నాడంతా కిరసనాయిలు గుడ్డతో ఆ తారు ఆయనే తుడిచాడు.

తర్వాత మంచి షీటు ముందు తలుపులకి సరిపడా మాత్రమే తెచ్చాను. నాన్న దాన్ని ముక్కలు కోసి, రేకు మీద గాలి బుడగ లేకుండా గరిటె కాడతో రుద్ది రుద్ది అంటించాడు. కొత్త స్పీకర్లు పాత కన్నాల్లో కూర్చోకపోతే, పాత ప్లైవుడ్డు బల్ల కోసి రెండు చక్రాలు చేశాడు. వానాకాలం తలుపు లోపలికి నీళ్ళు దిగుతాయని వాటికి రెండు పూతల రంగు వేసి ఎండబెట్టాడు. మూడు ఆదివారాలు మేమిద్దరం ఒకే తలుపు మీద వంగి పనిచేశాం. మాట్లాడుకున్నది తక్కువే. “ఆ స్క్రూ అందుకో.” “ఇక్కడ పట్టుకో.” కానీ ఆయన చేతులు నాకు ఆ మూడు వారాల్లోనే నిజంగా తెలిశాయి. గోళ్ళ అంచులు అరిగిపోయి, అరచేతులు చెక్కలా గట్టిపడి, అయినా కాగితం మడతను సైతం పట్టుకోగల చేతులు.

అన్నీ బిగించాక శాలోమిని పిలిచాను. వాళ్ళ చర్చి గాయకబృందం పాడినప్పుడు ఎదురుగా తన ఫోను పెట్టి రికార్డు చేసుకున్న పాటొకటుంది. అది పెట్టమంది. పెడితే గొంతులన్నీ పలచగా, ఎక్కడెక్కడో తేలుతున్నట్టు వినిపించాయి.

“నీళ్ళలోంచి పాడతన్నట్టుంది,” అంది.

సాయికిరణ్‌కి ఫోను చేస్తే, ఎడమ తలుపులో వైర్లు తారుమారయ్యాయేమో చూడమన్నాడు. నిజమే. ప్లస్సు ఉండాల్సిన చోట మైనసు పెట్టాను. రెండు వైర్లు మార్చి మళ్ళీ పెట్టాను.

ఆ క్షణం ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. స్పీకర్లు తలుపుల్లో మా మోకాళ్ళ దగ్గరున్నాయి. పాట మాత్రం అక్కడినుంచి రావడం మానేసింది. మా ఎదురుగా, డాష్‌బోర్డు మీద, గాలిలో ఒక మనిషి నిలబడి పాడుతోంది. ఆమెకి కుడివైపు ఇద్దరు. ఎడమవైపు ఇంకో ఇద్దరు. వెనక ఎక్కడో మగ గొంతులు. శాలోమి వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది.

“ఇదిగో, ఇక్కడ మేరీ అక్క. ఊపిరి తీసుకోడం వినిపిస్తంది సూడు! ఆవిడకి ఇటుపక్క నేను. ఆ రోజు నేను నిజంగా అక్కడే నిలబడ్డాను ఉదయ్.”

వెనక సీట్లో కూర్చున్న మా అమ్మ సన్యాసమ్మ ముందుకి వంగి, డాష్‌బోర్డు మీద చెయ్యి తిప్పి చూసింది. అక్కడ ఏమీ లేదు. “ఒలమ్మా! ఎవరూ నేరు, గొంతులున్నాయి,” అంది. మొదటిసారి ఆవిడ గొంతు చిన్నగా వచ్చింది.

నాన్నని కూడా ఎక్కించాను. చెయ్యి తలుపు మీద పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

“రేకు అదరడం నేదు. బాగుంది,” అని దిగి వెళ్ళిపోయాడు.

శాలోమి పాట ఆపేసింది. “అందులో నేనున్నాననే దిగిపోయేరు,” అంది. అనకాపల్లిలో చూసిన ఇంటికి వచ్చే ఆదివారం అడ్వాన్సు ఇచ్చేద్దామంది. సరేనన్నాను.

ఆ ఆదివారం రాకముందే, ఒక సాయంత్రం ఎండ తగ్గాక, చివరి పరీక్ష చేశాం. తలుపుల్లో ఇంకా ఎక్కడైనా ఏదైనా వదులుగా ఉందేమో చూడటానికి ఫోనులో ఒక ఏర్పాటుంది. అది ఒకే ఒక శబ్దాన్ని బాగా లోతైన మోత దగ్గర మొదలుపెట్టి, మెల్లగా పైకి తీసుకెళ్ళి, సన్నటి ఈల చేసి, చెవికి అందనంత పైకి తీసుకుపోతుంది. వదులుగా ఉన్న ప్రతి వస్తువూ దాని వంతు వచ్చినప్పుడు గలగలమంటుంది. వణుకు పట్టుకునే పని కాబట్టి నాన్న తనంతట తనే వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక అమ్మా శాలోమీ కూర్చున్నారు. అద్దాలు మూసేశాం.

మొదట లోతైన మోత. సీట్లు, కాళ్ళు, పొట్ట కూడా కదిలాయి. నాన్న మొహం వెలిగిపోయింది. “ఇదిగో, అద్దం దగ్గర. రాసుకో. ఇదిగో, బెల్టు దగ్గర.” నేను రాసుకుంటున్నాను. మోత పైకెక్కి వేణువులా అయింది, తర్వాత ఈలయింది. ఈల సూదిలా మారుతుంటే అమ్మ చెవులు మూసుకుంది.

నాన్న తలుపు మీదనుంచి చెయ్యి తీసేశాడు.

“అయిపోయింది కదా. ఇంకోసారి ఎయ్యి, ఆ బెల్టు సంగతి సూద్దాం.”

కారంతా ఈల నిండిపోయి ఉంది. అద్దాలు పగిలిపోతాయేమో అన్నట్టుంది. నేను నాన్న వైపు చూశాను. ఆయన మామూలుగా, పని అయిపోయిన మనిషిలా, మీసం సర్దుకుంటున్నాడు. శబ్దం ఎంత సన్నబడిందో చూపించే అంకె ఫోనులో రెండు వేల మూడు వందల దగ్గరుంది. అది పైకి పోతూనే ఉంది. పదకొండు వేల దగ్గర అమ్మ చెవుల మీదనుంచి చేతులు తీసి, “పోయింది,” అంది. ఇంకాస్త పైకి వెళ్ళాక నాకూ పోయింది. శాలోమి మాత్రం కళ్ళు మూసుకుని, “ఇంకా వస్తంది... ఇంకా... ఆఁ, పోయింది,” అంది.

“ఇంకోసారి పెట్టు,” అంది శాలోమి.

పెట్టాను. ఈసారి మేం ముగ్గురం శబ్దం వినలేదు. నాన్న మొహం చూశాం. అదే అంకె దగ్గర, అదే మామూలు గొంతుతో, “అయిపోయింది,” అన్నాడు.

ఈల ఆపేశాను. వెనకనుంచి అమ్మ నెమ్మదిగా అంది. “నేనరుస్తానని ఈధంతా నవ్వుతారు. అరవకపోతే ఈయన పలకడు. ఇన్నేళ్ళ నుంచీ నా గొంతే ఇంతనుకున్నాను.”

శాలోమి కారు దిగింది. చుట్టూ తిరిగి వచ్చి నాన్న వైపు తలుపు తీసింది. ఆయన ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుని, రెండేళ్ళలో మొదటిసారి, తల పూర్తిగా ఎత్తి ఆయన మొహంలోకి చూసింది.

“మావయ్యా, నా మాట వినిపిస్తందా?”

నాన్న ఆమె పెదాల వైపు చూశాడు. “వినిపిస్తంది. సెప్పమ్మా.”

“రోజూ నేను పిలిచేది వినిపించేదా?”

“నువ్వు పిలిసీదానివా?” అన్నాడు నాన్న. ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం. మా ముగ్గురి వైపూ ఒకసారి చూసి, మళ్ళీ ఆమెకే చెప్పాడు. “నువ్వు నాతో మాటాడవనుకున్నానమ్మా. గ్లాసక్కడెట్టేసి ఎల్లిపోతావు. సదువుకున్న పిల్లవి. మా ఇల్లు నీకు నచ్చలేదు కావాల, మనమెందుకు ఇబ్బంది పెట్టాలని నేనే ఊరుకున్నాను.”

శాలోమి ఏడవలేదు. ప్రతి మాటా విడివిడిగా, “టీ పెట్టనా మావయ్యా?” అని అడిగింది.

“పెట్టమ్మా. పంచదార తక్కువెయ్యి.”

“రెండేళ్ళ నుంచీ ఎక్కువే ఏస్తంది, ఇప్పుడు సెప్తన్నాడు సూడు!” అంది అమ్మ, ఎప్పటిలాగే వీధంతా వినబడేలా.

ఆ ఆదివారం మేం అనకాపల్లి వెళ్ళలేదు.

విశాఖపట్నంలో చెవుల పరీక్ష చేసినమ్మాయి కాగితం మీద ఒక గీత చూపించింది. గీత కొంతదూరం నేలమీద నడిచినట్టు నడిచి, అక్కడినుంచి నూతిలోకి దిగినట్టు దిగిపోయింది. మోత లోతుగా ఉంటే ఆయనకి అందుతుంది. సన్నటివేవీ అందవు. మాటల్లో స, త, క లాంటివి ముందే పోయాయి. మిగిలిన ముక్కలకి మనుషుల నోరు చూసి అర్థం అతికించుకుంటున్నాడట. వెనకనుంచో, తల వంచుకునో మాట్లాడితే ఆయనకి ఆ మాట పుట్టనట్టే. ఇన్నేళ్ళు ఇలా ఎలా నెట్టుకొచ్చారు, చాలా తెలివైనవారండీ, అంది ఆ అమ్మాయి.

నేను ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను. ఒక మనిషి మా మధ్యే తిరుగుతూ, మా నోళ్ళు చదువుతూ, చేతులతో యంత్రాలు వింటూ, ఎవరినీ ఏమీ అడక్కుండా, తన చుట్టూ తగ్గిపోతున్న లోకంలో బతికాడు. అదే ఇంట్లో అన్నం తింటూ నాకు తెలియలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే పెద్దదేదో కూడా అనిపించింది. గుడిలో నిలబడ్డప్పుడు కూడా నాకు అలా అనిపించలేదు.

చెవి మిషన్లు వద్దన్నాడు నాన్న. “ముసిలోళ్ళెట్టుకుంటారవి.” అమ్మ అరిచింది, నేను బతిమాలాను. శాలోమి ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“స్కూల్లో చేరతాను మావయ్యా. కానీ రోజూ బస్సులో వెళ్ళొస్తాను. సాయంత్రం వచ్చి పిల్లల అల్లరి ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. ఉదయ్ షాపులో ఉంటాడు. అత్తయ్య తనే మాట్లాడతాది, నన్ను మాట్లాడనివ్వదు. మీరు వినకపోతే ఇంకెవరు వింటారు?”

నాన్న నవ్వి, “సరే,” అన్నాడు. ఇంటి అడ్వాన్సుకని దాచిన డబ్బు మిషన్లకి సరిపోయింది.

జూన్ రెండో వారంలో వాటిని పెట్టించుకుని, నలుగురం కారులో తిరిగొస్తున్నాం. నాన్న ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. మొదట మందుల చీటీ ఉన్న ప్లాస్టిక్ సంచి చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు. తర్వాత, “ఆ టిక్కుటిక్కుమంటంది ఏటిరా?” అన్నాడు. మలుపు దగ్గర నేను వేసిన ఇండికేటరు. దాన్ని మళ్ళీ వేయించి, తీయించి, వేయించి విన్నాడు. తన చొక్కా చేతిని చెవి దగ్గర రుద్దుకుని చూశాడు. వెనకనుంచి శాలోమి, “మావయ్యా,” అంది మామూలు గొంతుతో, పరీక్షగా. నాన్న చటుక్కున వెనక్కి తిరిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

అనకాపల్లి దాటాక పాట ఆపేయమన్నాడు. అన్ని వారాలు కష్టపడి పెట్టుకున్న స్పీకర్లని ఆపేసి, అద్దాలు దించాను. వెంకన్నపాలెం దగ్గరికొచ్చేసరికి పొద్దు గూకుతోంది. అప్పుడే ఒక జల్లు పడి ఆగింది. రోడ్డుకి రెండువైపులా చెరుకు తోటలు తడిసి ఉన్నాయి.

“ఆపు, ఆపు,” అన్నాడు నాన్న.

ఆపాను. ఇంజను కూడా ఆపమన్నాడు. తలుపు తీసుకుని దిగి, చెరుకు చేను గట్టు దాకా నడిచాడు. మేం కంగారుగా వెనకే వెళ్ళాం. ఆయన తల కొంచెం పక్కకి వంచి నిలబడ్డాడు. చేనంతా కీచురాళ్ళ రొద. మాకది రోజూ ఉండేదే.

“ఇవి ఉన్నాయా ఇంకా?” అన్నాడు.

“ఏవి నాన్నా?”

“కీసురాళ్ళు. మాపిటేల ఎంత రొద సేసీవని! పదేళ్ళో, పదిహేనేళ్ళో... ఒక్కటీ వినబడ్డం మానేసింది. సేలకి మందులు కొట్టి కొట్టి అందరూ వాటిని సంపేసేరనుకున్నాన్రా.”

ఆయన చేయి పైకెత్తి మమ్మల్ని మాట్లాడొద్దన్నట్టు ఆపాడు. చీకటి పడేదాకా మేం నలుగురం ఆ గట్టు మీదే నిలబడ్డాం.